లేబుళ్లు మారుస్తున్నావట, అమ్మలూ

అమ్మలూ,

మీ కాల్ సెంటర్‌లో కాల్స్‌కి మార్కులేసే సాఫ్ట్‌వేర్‌లో ఫలితాల పేర్లు మార్చే పని నీకే అప్పగించారని రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. కాసేపటికే బెంగ పట్టుకుంది. నిద్ర పట్టక పొద్దున్నే కూర్చుని రాస్తున్నా.

పేర్లు పొట్టిగా పెట్టు. హద్దులు చూసుకో: 60 నుంచి 79 మార్కుల దాకా ఒక పేరు, 80 నుంచి ఇంకొకటి అని పెడితే, 79.5 వచ్చిన పిల్లాడు ఏ గడిలోకీ రాడు. మార్కులేసే ఫారంలో ఆ కాల్‌కి సంబంధం లేని ప్రశ్నకి సున్నా పడనివ్వకు, "వర్తించదు" అని వేరే ఉంచు. ఇవి నీకు తెలిసినవే.

గుంటూరులో మిర్చి గోదాములో నేను సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు తొడిమలు తీసే ఆడవాళ్లకి నెలనెలా పనితీరు చీటీ ఇచ్చేవాళ్లం. దాని మీద మాటలు నేనే పెట్టాను: డీలక్స్, మీడియం, తాలు. యార్డులో కాయలకి చెప్పే మాటలే కదా, అందరికీ ఇట్టే అర్థమవుతాయని మురిసిపోయాను. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, నీకు తెలుసుగా.

ఒక నెల ఒకామెకి తాలు పడింది. ఆమె వంతుకొచ్చిన బస్తాలు అతిగా ఎండి పెళుసెక్కినవి. తొడిమ పట్టుకుంటే చాలు కాయ పగిలి గింజలు రాలేవి. ఆ సంగతి రాయడానికి చీటీలో చోటే లేదు. మర్నాడు అన్నాల వేళ ఎవరో "ఏమే తాలూ, ఆ నీళ్ల చెంబు ఇటియ్యి" అన్నారు. అంతా నవ్వారు. నేను అక్కడే ఉన్నాను, ఊరుకున్నాను. సాయంత్రం అమ్మ కోసం గేటు దగ్గరికొచ్చిన కూతురి ముందూ అదే పిలుపు. వారం తిరక్కుండా ఆమె పని మానేసింది. వెతుక్కుంటూ ఇంటికెళ్తే కాఫీ ఇచ్చింది, పిల్ల చదువు గురించి చెప్పింది, ఆ మాట మాత్రం ఎత్తలేదు. నాదే తప్పని చెప్పడానికే వెళ్లిన దాన్ని, నోరు పెగల్లేదు. తిరిగొచ్చాక చీటీలు మార్పించాను. ఆమె మళ్లీ రాలేదు.

అందుకే చెబుతున్నా, పేరు కాల్‌కి పెట్టు, మనిషికి పెట్టకు. "వీక్", "పూర్" లాంటివి వద్దే వద్దు. "ఈ కాల్‌పై కోచింగ్ కావాలి" అంటే ఆ పిల్లకి ఏం చెయ్యాలో తెలుస్తుంది. అలాగని అన్నిటికీ మెత్తని మాటలు పెట్టావో, నేనే కోప్పడతాను! కస్టమర్‌ని ఓటీపీ అడిగిన కాల్‌కి మిగతా మార్కులు ఎన్నొచ్చినా "తీవ్రమైన తప్పు" అనే పడాలి.

ఇంకొకటి. ముందు ఫారం కాపీ తీసుకుని అందులో మార్చి చూడు. పాత నెలల ఫలితాలకీ కొత్త పేర్లు పడుతున్నాయేమో గమనించు. నిరుడు పాసైన వాళ్లు ఇవాళ వేరే పేరుతో కనిపిస్తే ఆ గొడవ నీ మీదికే వస్తుంది. పాత పేరుతో వెతికే రిపోర్టులుంటే వాటినీ సరిచెయ్యి.

ఖాయం చేసే ముందు ఫోన్లు ఎత్తే పిల్లల్లో ఇద్దరిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేర్లు పైకి చదువు, వాళ్ల మొహాలు చూడు. తర్వాత నాకూ చదివి వినిపించు. మధ్యాహ్నం పడుకోనులే, ఎప్పుడైనా ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ