పాత సీఎన్‌సీ లేత్‌కు కొత్త కంట్రోలర్: పని చెడితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

ప్రశ్న: బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. ఇరవయ్యేళ్ల నాటి సీఎన్‌సీ లేత్‌కు (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని తిప్పి కోసే యంత్రం) కంట్రోలర్ పాడైతే, ఒక సంస్థకు రూ.4,10,000 ఇచ్చి కొత్త కంట్రోలర్, డ్రైవ్‌లు (మోటార్లను నడిపే యూనిట్లు), సాఫ్ట్‌వేర్ పెట్టించాను. ఇప్పుడు థ్రెడ్ (మర చుట్లు) కోస్తుంటే రెండో పాసు, అంటే రెండోసారి కోత, మొదటి గాడిలో పడడం లేదు. వాళ్లు మనిషిని పంపడం లేదు, పారామీటర్ల (మెషిన్ సెట్టింగుల) పాస్‌వర్డూ ఇవ్వడం లేదు. మెషిన్ మీద నేనూ ఒక హెల్పరూ పని చేస్తాం.

జవాబు: వెళ్లవచ్చు. అయితే ఎదుటివారు మొదట ఎత్తే అభ్యంతరం, మీది వ్యాపార అవసరమనీ, కాబట్టి మీరు వినియోగదారు కారనీ. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వస్తువు కూడా ఒక సీఎన్‌సీ టర్నింగ్ మెషినే. ఆ కొనుగోలుదారు ఓడిపోయాడు గానీ, లేత్‌ను ఉదాహరణగా చెబుతూనే కోర్టు, జీవనోపాధి కోసం స్వయంగా నడుపుకొనే వ్యక్తి ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన వినియోగదారు కాకుండా పోడనీ, పూర్తిగా ఇతరుల చేత నడిపించేవాడికి ఆ హోదా ఉండదనీ స్పష్టం చేసింది. కాబట్టి మెషిన్ మీరే నడుపుతారనీ, కుటుంబం దాని మీదే బతుకుతోందనీ ఫిర్యాదులో తప్పక రాయండి.

ఇంకొక మెలిక: బతుకుదెరువు కోసం వాడుకునేదాన్ని వ్యాపార అవసరంగా లెక్కించకూడదనే 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని జీవనోపాధి మినహాయింపు కొన్న వస్తువుల గురించే మాట్లాడుతుంది, సేవల ప్రస్తావన అందులో లేదు. అందువల్ల బిల్లులో కంట్రోలర్, డ్రైవ్‌ల ధర విడిగా ఉంటే మీ వాదన బలంగా నిలుస్తుంది. 'రెట్రోఫిట్ (పాత మెషిన్‌కు కొత్త భాగాలు అమర్చే) చార్జీలు' అని ఒకే ముక్క రాసి ఉంటే కొటేషన్‌నూ జతచేయండి. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపే గనుక జిల్లా కమిషన్‌లో ఫీజు ఉండదు, ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. కమిషన్ ఒప్పుకోకపోయినా, మూడేళ్లలోపు వాణిజ్య కోర్టులో నష్టపరిహారం దావా వేసుకోవచ్చు, అయితే అత్యవసర ఉత్తర్వులు కోరని పక్షంలో ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి.

ముందు లీగల్ నోటీసు ఇచ్చి, పాస్‌వర్డ్‌నూ పారామీటర్ల బ్యాకప్‌నూ రాతపూర్వకంగా అడగండి. వాట్సాప్ సందేశాలను దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధృవీకరణ పత్రం జతచేయాలి. చెడిన థ్రెడ్ ముక్కలను పారేయకుండా తేదీ వేసి దాచండి. నిపుణుడు చూసేదాకా మరో మెకానిక్‌తో పారామీటర్లు మార్పించకండి; మార్పిస్తే, చెడగొట్టింది మీరేనని వాళ్లు అనడానికి అదొక్కటీ చాలు.