అణు రియాక్టర్లలో కొలువు: బీటెక్‌లో ఏ బ్రాంచి మేలు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. న్యూక్లియర్ ఇంజినీరింగ్‌లోనే బీటెక్ చేసి అణు రియాక్టర్లలో పనిచేస్తానంటోంది. ఆ కోర్సులో చేర్పించవచ్చా? రేడియేషన్ సంగతి తలచుకుంటే భయంగా ఉంది.
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మాయి కోరుకున్న రంగం మంచిదే. అయితే అందుకోసం బీటెక్‌లోనే న్యూక్లియర్ ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు. మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ బ్రాంచీల్లో ఒకదాన్ని మంచి కళాశాలలో చదివించండి. రియాక్టరు పనితీరు చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

మన దేశంలో ఎక్కువగా ఉన్నవి భారజల (మామూలు హైడ్రోజన్‌కు బదులు బరువైన హైడ్రోజన్ ఉండే నీరు) రియాక్టర్లు. న్యూట్రాన్ తాకి యురేనియం-235 కేంద్రకం చీలినప్పుడు వేడితోపాటు కొత్త న్యూట్రాన్లు వెలువడతాయి. వాటి వేగాన్ని భారజలం తగ్గించడం వల్ల అవి మరికొన్ని కేంద్రకాలను చీల్చి, గొలుసు చర్య కొనసాగుతుంది. ఆ వేడితో నీరు ఆవిరై టర్బైన్‌ను తిప్పుతుంది. అక్కడి నుంచి బొగ్గు కేంద్రంలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. 220 మెగావాట్ల రియాక్టరులో 306 గొట్టాలు, ఒక్కో గొట్టంలో 12 ఇంధన కట్టలు ఉంటాయి. అర మీటరు పొడవున్న ఒక్కో కట్టలో 19 కడ్డీలు. రియాక్టరు నడుస్తుండగానే ఒక చివరనున్న యంత్రం కొత్త కట్టలను లోపలికి తోస్తుంటే, రెండో చివరనున్నది వాడేసిన వాటిని అందుకుంటుంది. ఈ పనంతా మెకానికల్, కంట్రోల్ ఇంజినీర్లదే. ఆ కట్టలు తయారయ్యేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. భారజలం మీ పొరుగు జిల్లాలోని మణుగూరులోనూ తయారవుతుంది.

రియాక్టర్లు కరెంటు కోసమే కాదు. థైరాయిడ్ క్యాన్సర్ చికిత్సకు వాడే అయోడిన్-131 కూడా రియాక్టర్ల నుంచే వస్తుంది.

ఈ కొలువులకు బీటెక్‌లో 60 శాతం మార్కులు తప్పనిసరి. ఆపై గేట్ (ఇంజినీరింగ్ చదివినవారికి జరిగే జాతీయ స్థాయి పరీక్ష) స్కోరు కీలకం. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శిక్షణ పాఠశాలలో ఏడాది శిక్షణ పూర్తిచేసినవారు సైంటిఫిక్ ఆఫీసర్లవుతారు. అణు విద్యుత్ కేంద్రాలను నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ కూడా గేట్ ద్వారా ట్రైనీలను తీసుకుంటుంది.

మీ భయం సహజమే. రేడియేషన్ ఉన్నచోట పనిచేసే ప్రతి ఒక్కరూ ఛాతీపై చిన్న బ్యాడ్జి ధరిస్తారు. ఒంటికి తగిలిన మోతాదును దాన్నిబట్టే లెక్కగడతారు. అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదని నిబంధన. గర్భిణుల విషయంలో పరిమితి ఇంకా కఠినం.

నిజానికి మీరు ముందుగా ఆలోచించాల్సింది దూరం గురించి. అణు విద్యుత్ కేంద్రాలున్న రావత్‌భాటా (రాజస్థాన్), కైగా (కర్ణాటక), కాక్రపార్ (గుజరాత్) వంటి చోట్ల టౌన్‌షిప్‌లో ఏళ్ల తరబడి ఉండాల్సి రావచ్చు. అందుకు ఆమె సిద్ధమేనా అన్నది ఇప్పుడే కూర్చోబెట్టి అడగండి.