పైలట్ ట్రైనింగ్ ఇక్కడా, బయట దేశంలోనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. పైలట్ అవుతానని పట్టుబట్టింది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికా పంపితే ఏడాదిలో లైసెన్సు చేతికొస్తుంది, ఇండియాలో అయితే మూడేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు అంటున్నారు. అప్పు చేసైనా పంపాలా, ఇక్కడే చేర్పించాలా?

జవాబు: ఏ దేశం అన్నది తర్వాత చూద్దాం, ముందు మెడికల్ చేయించారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. డీజీసీఏ (మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే సంస్థ) క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1 మెడికల్ పాసయ్యేదాకా ఎవరికీ రూపాయి కట్టకండి. కళ్లజోడు ఉన్నా ఫర్వాలేదు గానీ, రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే కథ అక్కడే ఆగిపోవచ్చు. ఫీజు కట్టాక తెలిస్తే ఆ బాధ వేరు.

ఇక కన్సల్టెన్సీ మాట. పూర్తిగా అబద్ధం కాదు. మన కమర్షియల్ లైసెన్సుకి (సీపీఎల్ అంటారు) 200 గంటల ఫ్లయింగ్ కావాలి, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా, ఉండాలి. చాలా స్కూళ్లలో పిల్లలు ఎక్కువ, ఎగిరే విమానాలు తక్కువ, ఇన్‌స్ట్రక్టర్లు ఇంకా తక్కువ. దానికి తోడు వానాకాలం, ఉత్తరాదిన చలికాలపు పొగమంచు, విడిభాగం రాలేదని హ్యాంగర్‌లోనే ఉండిపోయిన సెస్నా (శిక్షణకు వాడే చిన్న విమానం), ఇలా నెలలు గడిచిపోతాయి. బయట మంచి వాతావరణం ఉన్నచోట గంటలు చకచకా వస్తాయి, నిజమే.

అయితే ఆ లైసెన్సు పట్టుకొచ్చి నేరుగా ఇక్కడి ఎయిర్‌లైన్‌లో కూర్చోలేరు. కన్వర్షన్ ఉంటుంది: డీజీసీఏ పరీక్షలు 70 శాతంతో పాసవ్వాలి, రేడియో లైసెన్సు తెచ్చుకోవాలి, స్కిల్ టెస్ట్ ఇవ్వాలి. అమెరికాలో కొన్ని కోర్సుల్లో 190 గంటలకే సీపీఎల్ ఇస్తారు, మనకు అది చాలదు, మిగతా గంటలు, కమాండ్ గంటలు అక్కడున్నప్పుడే పూర్తి చేసుకు రావాలి. అక్కడే ఉద్యోగం చూసుకుంటుందిలే అనుకుంటున్నారేమో, వీసా సంగతి అలా ఉంచండి, అక్కడి ఎయిర్‌లైన్స్‌లో చేరాలంటే మామూలుగా 1,500 గంటలు కావాలి.

నన్నడిగితే, మెడికల్ అయ్యాక డీజీసీఏలో కంప్యూటర్ నంబర్ (పరీక్షలు రాయడానికి ఇచ్చే నంబర్) తీసుకుని రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటియరాలజీ పరీక్షలు ఇక్కడే రాయించేయండి. ఎక్కడికెళ్లినా ఆ చదువు తప్పదు, పైగా అమ్మాయికి ఇది నిజమైన ఇష్టమా, యూనిఫాం మోజా అన్నది ఆ పుస్తకాల ముందు తేలిపోతుంది! తర్వాత ఇక్కడి స్కూళ్లు రెండు మూడు స్వయంగా చూసి రండి. డీజీసీఏ 2025 నుంచి స్కూళ్లకు ర్యాంకులు కూడా ఇస్తోంది, చూడండి కానీ దానితో ఆగిపోవద్దు. ఆఫీసులో కాఫీ ఇచ్చి మాట్లాడేవాళ్లని కాదు, బయట నిలబడ్డ స్టూడెంట్లని అడగండి: పోయిన ఆరు నెలల్లో నువ్వు ఎన్ని గంటలు ఎగిరావు, ఈ రోజు ఎగరగలిగిన విమానాలెన్ని? నెలకు పదిహేను గంటలైనా వస్తున్నాయంటే ఇక్కడే చేర్చండి. నాలుగో అయిదో వస్తున్నాయంటే అప్పుడు బయటి సంగతి ఆలోచిద్దాం.

డబ్బు విషయంలో ఇంకో మాట. సీపీఎల్ వచ్చాక కూడా ఎయిర్‌బస్ 320 లాంటి విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి కావలసిన ప్రత్యేక శిక్షణ, అర్హత) విడిగా చేయాలి, అదీ ఖరీదైన వ్యవహారమే, కాబట్టి ఉన్నదంతా మొదటి మెట్టు మీదే పెట్టేయకండి. ఎగిరిన గంటల్ని బట్టి విడతలుగా కడతామని చెప్పండి. కుదరదు, మొత్తం ముందే కట్టాలి అంటే అది ఏ దేశపు స్కూలైనా సరే, లేచి వచ్చేయండి.