పది నిమిషాలు చేతులు కట్టుకుని చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి పదకొండు గంటలకు నువ్వు ఫోను చేసి, సర్వర్‌కు నెట్‌వర్క్ అందడం లేదని, మూడుసార్లు రీబూట్ చేశానని చెప్పినప్పుడు నవ్వు ఆపుకోలేకపోయాను. కోప్పడకు అల్లుడూ. బెంగళూరు వచ్చిన కొత్తలో నేను అంతకంటే ఘనకార్యాలే చేశాను.

రీబూట్ అంటే దొంగలు పడిన ఇంటిని పోలీసులు రాకముందే కడిగేయడం. చేత్తో ఇచ్చిన రూట్లు, అంటే డేటా వెళ్లే దారులు, పోతాయి, అప్పటి స్థితి చెరిగిపోతుంది. బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు కనుక వచ్చే వారం మళ్లీ అదే గొడవ. మొదటి పది నిమిషాలు చూడు, ఏదీ మార్చకు.

మారతహళ్లిలో మీ పీజీ కుళాయి ఎండిపోతే కావేరిలో నీళ్లున్నాయా అని ఆలోచించవు కదా. మేడ మీద ట్యాంకు, మోటారు, ట్యాంకర్ వచ్చిందా లేదా, ఇలా దగ్గరి నుంచి చూసుకుంటూ పోతావు. ఇక్కడా అంతే. ముందు లినక్స్ తెర మీద 'ఐపీ లింక్' అనే ఆదేశం కొట్టు. 'నో క్యారియర్' అని కనిపిస్తే కేబుల్ ఊడిందనో, అవతల కేబుళ్లు కలిసే పెట్టె అయిన స్విచ్‌లో పోర్టు ఆపి ఉందనో అర్థం. అప్పుడు అమరికల ఫైళ్లు తెరవడం దండగ. తరువాత 'ఐపీ అడ్రస్'. అడ్రస్ అసలు లేకపోయినా, 169.254తో మొదలైనా, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదన్నమాట. (నా చేతికి ఇప్పటికీ 'ఐఫ్‌కాన్ఫిగ్' అనే వస్తుంది. ముసలి అలవాటు, నువ్వు నేర్చుకోనక్కరలేదు.)

దారులు చూపే 'ఐపీ రూట్' దగ్గర మాత్రం తొందరపడకు. నువ్వు పంపిన ఫోటోలో 'డిఫాల్ట్' (వేరే దారి చెప్పని ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పోయే దారి) అనే వరుసలు రెండున్నాయి, గమనించావా? రెండు ఉన్నప్పుడు మెట్రిక్ అనే ప్రాధాన్య సంఖ్య తక్కువున్నదే గెలుస్తుంది. నీ సర్వర్‌లో గెలుస్తున్నది బయటకు దారి లేని నెట్‌వర్క్ కార్డు. 'ఐపీ రూట్ గెట్' అని కొట్టి పక్కన 8.8.8.8 (బయట ఉన్న గూగుల్ అడ్రస్) ఇస్తే ఆ ప్యాకెట్ ఏ కార్డు గుండా పోతుందో అదే చెబుతుంది. నీ జబ్బు అక్కడే ఉందని నా అనుమానం.

దారి సరిగా ఉంటే బయటకు దారిచ్చే యంత్రం గేట్‌వేకు పింగ్ (పలుకుతుందా అని అడగడం), ఆపైన 8.8.8.8కు పింగ్, చివరికి పేరుతో పింగ్. అంకెలకు పలికి పేరుకు పలకకపోతే అది పేరును అంకెలుగా మార్చే డీఎన్‌ఎస్ గొడవ. ఉబుంటు రకం లినక్స్‌లో డీఎన్‌ఎస్ సర్వర్ల ఫైలు 'రిజాల్వ్ డాట్ కాన్ఫ్' తెరిస్తే 127.0.0.53 కనబడుతుంది. కంగారుపడి దాన్ని దిద్దకు. అది యంత్రంలోనే ఉన్న మధ్యవర్తి, నువ్వు దిద్దినా తిరగరాస్తుంది. అసలు సర్వర్లు ఏవో 'రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్' చూపిస్తుంది. ఇంకొక మాట: డీఎన్‌ఎస్‌ను అడిగే 'డిగ్' ఆదేశం, పేర్లకు అడ్రస్‌లు చేత్తో రాసే హోస్ట్స్ ఫైలును తానుగా చూడదు, అప్లికేషన్లు చూస్తాయి. ఎవరో ఎప్పుడో ఆ ఫైలులో రాసి మరచిపోయిన ఒక్క వరుస వల్ల నాకు ఒక పూట పోయింది. డిగ్ సరైన అడ్రసే చెబుతోంది, ప్రోగ్రామ్ మాత్రం పాత యంత్రం తలుపే తడుతోంది. అప్లికేషన్లలాగే ఆ ఫైలును కూడా చూసే 'గెటెంట్ హోస్ట్స్' కొట్టాక గాని తెలియలేదు.

'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వస్తే యంత్రం దాకా చేరావు, ఆ పోర్టులో, అంటే సర్వీస్ తలుపు నంబరు దగ్గర, ఎవరూ వినడం లేదని చాలాసార్లు అర్థం. లేదా సర్వీస్ 127.0.0.1 మీద, అంటే తన యంత్రం లోపలి మాటలు మాత్రమే వింటూ ఉంటుంది. 'ఎస్ఎస్ -టీఎల్ఎన్‌పీ' కొట్టి ఏ పోర్టులు వింటున్నాయో చూడు. ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేకుండా 'టైమ్డ్ అవుట్' అయితే ముందుగా ఫైర్‌వాల్‌ను అనుమానించు.

ఇక దూరం నుంచి మార్పులు చేయడం. అప్పట్లో జయనగర్‌లో ఉండేవాణ్ణి. ఇంట్లో కూర్చుని వైట్‌ఫీల్డ్‌లోని సర్వర్‌కు గేట్‌వే మారుస్తూ చివర 1 బదులు 11 కొట్టి నెట్‌వర్క్‌ను రీస్టార్ట్ చేశాను. తెర బిగుసుకుపోయింది. రాత్రి ఒంటిగంటకు ఆటో పట్టుకుంటే అతను మీటరుకు ఒకటిన్నర రెట్లు అన్నాడు, న్యాయమే. ఆ చివరకు వెళ్లి, నిద్రమత్తులో ఉన్న కాపలాదారును బతిమాలి లోపలికి పోయి, ఒక్క అంకె చెరిపి తిరిగొచ్చేసరికి తెల్లవారింది. మీ అత్తయ్య ఇప్పటికీ దాన్ని 'పదకొండో నంబరు రాత్రి' అంటుంది.

నీకు ఆ అవస్థ అక్కరలేదు. పాత నెట్‌వర్క్ అమరిక ఫైలుకు నకలు తీసిపెట్టుకుని, మార్పును పరీక్షించే 'నెట్‌ప్లాన్ ట్రై' కొట్టు. 120 సెకన్లలో నువ్వు ఎంటర్ కొట్టి ఒప్పుకోకపోతే పాత అమరికకు అదే వెళ్లిపోతుంది. ఆ ఫైలులో ట్యాబ్‌లు వద్దు, ఖాళీలే పెట్టాలి. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చినది నోటుపుస్తకంలో గంటతో సహా రాసుకో.

ఆ రెండో డిఫాల్ట్ వరుస ఏ ఫైలు నుంచి వస్తోందో చూసి ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు చెప్పు. అత్తయ్య గోంగూర పచ్చడి నూరుతానంది. ల్యాప్‌టాప్ తెచ్చుకో, కానీ తిన్న తరువాతే తెరవాలి.

మీ మామయ్య