పెంపుడు కుక్కకు ఇన్సూరెన్స్ చేయిస్తే లాభమేనా?

పెద్ద ఆపరేషన్ ఖర్చు ఒక్కసారిగా వస్తే తట్టుకోలేని వాళ్లకు పెంపుడు కుక్క ఇన్సూరెన్స్ పనికొస్తుంది. టీకాలు, గోమార్ల మందు లాంటి మామూలు ఖర్చుల కోసమైతే దండగే. ఎందుకంటే ఆ ఖర్చులను చాలా పాలసీలు ఇవ్వవు, ముందే ఉన్న జబ్బులనూ వదిలేస్తాయి.

హనుమకొండలో మీ ల్యాబ్రడార్‌కు బండి తగిలి కాలు విరిగిందనుకోండి. ఎక్స్‌రే, రాడ్ వేసే ఆపరేషన్, నెలల తరబడి కట్లు, కొన్నిసార్లు హైదరాబాద్ దాకా పోవాల్సి రావడం. ప్రమాదాలకు వర్తించే పాలసీ ఉంటే అప్పుడు నిజంగా ఆదుకుంటుంది.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని టీకాలు మానేస్తారు కొందరు, అదే చాలా బాధాకరం. టీకా పడని కుక్కపిల్లకు పార్వో (పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు) వచ్చి రక్త విరేచనాలైతే, క్లెయిమ్ సాధారణంగా ఒప్పుకోరు. 6–8 వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా వేయించి, ఆ టీకాల కార్డు దాచిపెట్టండి.