చరిత్ర మాస్టారికి సవర భాషతో పనేమిటి?

ప్రశ్న: గిడుగు రామమూర్తిగారు మా ఊళ్లోనే పాఠాలు చెప్పేవారని తాతగారు అంటుంటారు. చరిత్ర మాస్టారు సవర గిరిజనుల భాష వెంట ఎందుకు పడ్డారు? నాకూ చరిత్ర, భాషలు రెండూ ఇష్టమే, ఏదో ఒకటి తేల్చుకోమని ఇంట్లో ఒకటే పోరు.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదమ్మా. ఆయన 1880లో మీ ఊరి రాజావారి స్కూల్లో 30 రూపాయల జీతానికి చేరి, ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఎ. కట్టి, తర్వాత కాలేజీలో చరిత్ర చెప్పారు. ముఖలింగం గుడి శాసనాలు చదవడానికి పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. సవరల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల మాట తనకు రావాలనుకుని, రెండు భాషలూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. సవర మన తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబం భాష, అంటే ఒక్కో మాటా మొదటి నుంచి పట్టుకోవాల్సిందే. ఆ భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1931లో వచ్చింది.

1911లో రిటైరయ్యాక వాడుక భాష కోసం ఊరూరా తిరిగారు. నాకైతే సవర బడీ, వాడుక తెలుగూ ఒకటే పని అనిపిస్తుంది, పిల్లకు తన మాటలో చదువు అందాలి, అంతే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు, తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఈసారి సంతలో చింతపండు అమ్మే సవర అమ్మ పక్కన కాసేపు కూర్చో. అంకెలు, చుట్టరికాల పేర్లు అడిగి నోటుబుక్కులో రాసుకో. ఎం.ఎ. సంగతి డిగ్రీ ఆఖరి ఏడాదిలో చూసుకోవచ్చు.