చేనేత దుకాణానికి ఉచిత బ్లాగు సరిపోతుందా?

ప్రశ్న: మాకు మంగళగిరిలో చేనేత చీరల దుకాణం ఉంది. ఖర్చు కలిసివస్తుందని గూగుల్ వారి ఉచిత బ్లాగు వేదిక బ్లాగర్‌లోనే దుకాణం వెబ్‌సైట్ పెట్టుకోవాలనుకుంటున్నాం. ఇబ్బందులేమైనా ఉంటాయా?

జవాబు: ఉంటాయి. వాటిలో పెద్దది చిరునామాకు సంబంధించినది. విజిటింగ్ కార్డులపైనా చీరల సంచులపైనా బ్లాగర్ ఉచితంగా ఇచ్చే బ్లాగ్‌స్పాట్ చిరునామా అచ్చువేయించి, కొన్నేళ్లకు మరో చోటికి మారదలిస్తే, రాసినదంతా దించుకోగలరు గానీ, పాత లింకులు పట్టుకుని వచ్చే కొనుగోలుదారులనూ, గూగుల్ వెతుకులాటలో మీ పేజీలు సంపాదించుకున్న స్థానాన్నీ కొత్త సైటుకు సక్రమంగా మళ్లించే ఏర్పాటు అక్కడ లేదు. సొంత డొమైన్ (మీకంటూ ఉండే వెబ్ చిరునామా) కొని జోడించుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. బ్లాగర్ దానికి అదనపు రుసుము తీసుకోదు కూడా. అయినా 2024 మే నెలలో పెట్టిన చీర పేజీ చిరునామాలో 2024/05 అని ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. వార్తకు అది నప్పుతుంది, సరుకుకు నప్పదు.

కొనుగోలు బుట్ట, నిల్వల లెక్క, చెల్లింపులు వంటివి బ్లాగర్‌లో సిద్ధంగా దొరకవు. ఇలాంటిదే మరో వేదిక అయిన వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత పథకంలోనైతే వారి ప్రకటనలు మీ పేజీలో కనిపిస్తాయి.

వేదికే మూతపడే ప్రమాదాన్నీ తేలికగా తీసుకోకండి. 2003లో మొదలై ఎందరో డబ్బు కట్టి వాడుకున్న టైప్‌ప్యాడ్ అనే బ్లాగు వేదిక 2025 సెప్టెంబరు 30న మూతపడింది. నేతగాళ్ల కష్టం మీద నిలబడిన మీ దుకాణం పేరు అలా ఒకరి నిర్ణయంతో కనుమరుగు కాకూడదు. అందుకే ముందుగా డొమైన్ కొనండి. దాన్ని సైటు తయారుచేసేవారి పేరు మీద కాకుండా మీ పేరు మీదే నమోదు చేయించండి.